నీళ్లు చూస్తే ఆగే బండి

ధర్మపురి,
ఆషాఢ బహుళ పంచమి.

స్వామీ,

క్షేమంగా చేరాను. సత్రంలో గది ఇచ్చారు. కిటికీ తెరిస్తే గోదావరి కనిపిస్తుంది.

చాతుర్మాస్యం నాలుగు నెలలూ ఇక్కడే ఉంటాను. ఫోను ముట్టనంటే నువ్వు నవ్వావు. నిజంగానే ముట్టడం లేదు. ప్రాణం మీదికి వస్తే తప్ప సత్రం నంబరుకు చేయవద్దని మరదలు స్వప్నకు చెప్పాను. మిగతావన్నీ ఉత్తరంలో రాయండి. ఇరవై రెండేళ్లు హైటెక్ సిటీలో ఒకే ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేయించాను. అక్కడ పక్కపక్కన కూర్చున్నవాళ్లు కూడా మాట్లాడుకునేవారు కాదు, రాసుకునేవారు. అప్పుడు వింతగా ఉండేది. ఇప్పుడు మనమూ అంతే.

రామ్మోహనరావు సారుకు ఎలా ఉంది? డయాలసిస్‌కు నువ్వే తీసుకెళ్తున్నావా?

వానలు పడుతున్నాయా? నీళ్లున్న చోట బండి దింపకు.

వసంతక్క

◆

లింగంపల్లి,
జులై 24.

అక్కా, నీకు ఇక్కడి నుంచే దండం.

పదో తరగతిలో సెలవు చీటీ రాసిన తర్వాత నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. నీకు రాసేది కదా అని పుస్తకం భాషలో రాస్తున్నాను. స్వప్న వెనక నిలబడి తప్పులు పట్టుకుంటోంది. "అక్కకు రాసేటప్పుడు మాత్రం శానా మర్యాద" అంటోంది.

అక్కా, బండి ఆగిపోయింది.

గోపనపల్లి దాటాక సారు వాళ్ల కాలనీకి పోయే దారి నీకు తెలుసు కదా. వాన నీళ్లు పోయే ఆ నాలా మీద కిందికి ఉన్న వంతెన. గంట వాన పడితే చాలు, నీళ్లు దాని మీదుగా పోతాయి. కార్లవాళ్లు ఇవతలే ఆగుతారు, అంబులెన్సు కూడా ఇవతలే ఆగుతుంది. పోయినేడు మన జీపు ఆ నీళ్లలోంచి పద్నాలుగు సార్లు అటూ ఇటూ తిరిగింది. ఒక్కసారి దగ్గలేదు. అందుకే కదా సారుకు మాటిచ్చాను. సోమ, బుధ, శుక్రవారాలు, పొద్దున ఏడింటికల్లా మిమ్మల్ని డయాలసిస్ కుర్చీలో కూర్చోబెట్టే పూచీ నాది అని.

మొన్న సోమవారం నీళ్లు సగం చక్రం దాకా కూడా లేవు. మధ్యలోకి పోగానే ఇంజను రెండు సార్లు తుమ్మినట్టు చేసి ఆగిపోయింది. ఎంత తిప్పినా అందుకోలేదు. వెనక సీట్లో సారు, ఆయన భార్య జయంతమ్మ. ఇరవై నిమిషాల తర్వాత, ఏమీ జరగనట్టు, ఒక్క తిప్పుకే లేచింది! సారు మాత్రం, "పరవాలేదయ్యా, నేనూ రోజూ పొద్దున్నే అలాగే లేస్తాను" అన్నాడు.

వెంటనే స్టేషను వెనక మోషే షెడ్డుకు తీసుకెళ్లాను. పాత పెట్రోలు జీపులు ఇప్పుడు ముట్టుకునేది అతనొక్కడే. "ఏందిరా, పేరు మోషే, బైబిల్ల మోషే లెక్క నీళ్లు చీల్చి దారి ఇయ్యాలె గదా" అన్నాను. "పేరు మా నాయన పెట్టిండన్నా, పని నేర్పలే" అన్నాడు. బానెట్ ఎత్తగానే ఉగాదికి నువ్వు కట్టిన పసుపు గుడ్డ ముడుపు చూసి చేయి వెనక్కి తీసుకున్నాడు. "అక్క కట్టిందా?" అని అడిగి, దానికి తగలకుండా పక్కనుంచి పని చేశాడు. ఇంజను గాలి పీల్చే చోట నీళ్లు పోయాయేమోనని ఎయిర్ ఫిల్టర్ విప్పి చూశాడు. పొడిగా ఉంది. పెట్రోలు గొట్టం కడిగాడు. ఇగ ఫికర్ లేదన్నాడు.

బుధవారం మళ్లీ ఆగింది. అదే చోట.

నేను పరేషాన్‌లో ఉన్నాను అక్కా. నువ్వు దేవుడికి ఒక మాట చెప్పు.

స్వామి

◆

ధర్మపురి,
శ్రావణ శుద్ధ పంచమి.

స్వామీ,

ఉత్తరం అందింది. శ్రావణం వచ్చింది కనుక ఆకుకూరలు మానేశాను. ఆరోగ్యం బాగుంది.

నువ్వు రాసినదాన్ని రెండు సార్లు చదివాను. నీళ్లలోనే ఆగుతోందా? పొడి రోడ్డు మీద ఎప్పుడూ ఆగలేదా? వానలో? సరిగ్గా చూసి రాయి.

నీళ్లు తక్కువగా ఉన్నప్పుడే ఆగింది. అది మంచిదే అనుకో. ఎక్కువున్నప్పుడు దిగే పని తప్పింది. బండి వద్దంటున్నప్పుడు వినాలి. సారును నాలా ఇవతల ఇల్లు చూసుకోమని అడగరాదా? అశ్వినికి చెప్పు. ఆయన కూతురు కదా, చూస్తుంది.

దేవుడికి చెప్పమన్నావు. ఇవాళ జపంలో రెండు సార్లు లెక్క తప్పాను.

వెంటనే రాయి.

అక్క

◆

లింగంపల్లి,
ఆగస్టు 9.

అక్కా,

బండి వద్దంటోంది, విను అని రాశావు. అది బండి అక్కా, మేక కాదు. అది వద్దనదు. ఏదో ఒకచోట ఏదో ఒకటి చెడింది. అది దొరకడం లేదు, అంతే.

ఇల్లు మారమని నువ్వు తేలిగ్గా రాసేశావు. అశ్విని చూడని ఇల్లు లేదు. మన వైపు దొరికినవన్నీ మూడో అంతస్తు, నాలుగో అంతస్తు, లిఫ్టు లేనివి. సారు నాలుగు మెట్లెక్కితే కూర్చోవాలి. ఆ పిల్ల పొద్దున ఆఫీసు మీటింగు చెవిలో పెట్టుకుని, చేత్తో తండ్రి మందుల డబ్బా సర్దుతూ, నన్ను చూసి తల ఊపుతుంది. ఆమెకు ఇంకేం చెప్పను?

నువ్వు అడిగినవి: పొడి రోడ్డు మీద ఆగదు. వానలో ఆగదు. లింగంపల్లి నుంచి నార్సింగి దాకా కుండపోతలో పోయాను, ఆగలేదు. నీళ్లలోకి దిగి, ముందున్న ఫ్యానుకు నీళ్లు తగిలి, అది ఇంజను మీదికి చిమ్మాక, అప్పుడు ఆగుతుంది.

అందుకని మోషే గాలి పీల్చే గొట్టాన్ని పైకప్పు దాకా లేపాడు. ఇప్పుడు బండి ముక్కు పైకెత్తుకున్న ఏనుగులా ఉంది. ఆదివారం కోకాపేట అవతల పాత రాతి గుంటకు తీసుకెళ్లాం. సాఫ్ట్‌వేర్ పిల్లలు కొత్త కొత్త జీపులతో బురదలో ఆడుకునే చోటు. వాళ్లు ఈ గుంటలోకి దిగి ఆ గట్టుకు ఎక్కుతున్నారు. మనది దిగింది. ఆగింది. తాడేసి లాగారు. మళ్లీ దిగింది, మళ్లీ ఆగింది. మూడోసారికి ఒకడు, "అంకుల్, మీ జీపుకు ఈత రాదు, ట్యూబు వేయండి" అన్నాడు. మోషేకు రోషం వచ్చింది. "దీని వయసు నీ రెండింతలు బాబూ, జర మర్యాద" అన్నాడు.

సోమవారం ఇగ ఏదీ వదలలేదు. ప్లగ్గులు కొత్తవి. ప్లగ్గులకు కరెంటు పంచే ఆ నల్ల మూత ఉంది చూడు, ఉగాది నాడు నువ్వు అడిగితే "ఇదే అక్కా దీని గుండె" అని చూపించాను కదా, అదీ కొత్తది. దాంట్లోంచి వచ్చే తీగలూ కొత్తవి. నువ్వు ముడుపు కట్టింది ఆ తీగల మెడకే కనుక మోషే ముడి విప్పకుండా ఒక్కో పాత తీగను లోపలి నుంచి లాగి, ఒక్కో కొత్త తీగను అందులోంచే దూర్చాడు. రెండు గంటలు పట్టింది. "విప్పి మళ్లీ కడితే అయిపోతుండె గదరా" అన్నాను. "మీ దేవునితోని నాకెందుకన్నా పంచాయితీ? కట్టినోళ్లే విప్పాలె" అన్నాడు. అదీ నిజమే. మొక్కు తీరకముందు నేను మాత్రం ముట్టుకుంటానా?

ఏ మొక్కో నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. నా క్షేమం కోసమే అని తెలుసు.

నిన్న మళ్లీ ఆగింది. కొత్త మూత, కొత్త తీగలు, కొత్త ప్లగ్గులు. అన్నీ కొత్తవే. అయినా ఆగింది.

స్వామి

◆

ధర్మపురి,
శ్రావణ బహుళ అష్టమి.

స్వామీ,

నీకు ఒక మాట రాయాలని కూర్చుని మూడు కాగితాలు చింపాను. ఇది నాలుగోది.

పోయిన వానాకాలం నార్సింగి దగ్గర ఎవరిదో కారు నీళ్లలో చిక్కితే నువ్వు తాడు కట్టి లాగావు. నీళ్లు నీ బండి తలుపు పైకి వచ్చాయి. బండి పక్కకు జరిగింది. అది ఎవరో వీడియో తీసి పంచుకున్నారు. ఆఫీసు ప్యాంట్రీలో పనిచేసే పిల్ల ఫోనులో నేను చూశాను. "అక్కా, గీ డ్రైవర్ ఎవరో గాని గుండె గట్టిది" అంది ఆ పిల్ల. నువ్వని నేను చెప్పలేదు. చేతిలో నీళ్ల గ్లాసు ఉంది. అది కింద పెట్టడానికి చాలా సేపు పట్టింది.

ఆ సాయంత్రం నువ్వు ఇంటికి వచ్చి నవ్వుతూ అన్నం తిన్నావు. నీకూ చెప్పలేదు.

అమ్మ పోయేనాటికి నీకు ఏడాదిన్నర. నిన్ను నా చేతిలో పెట్టింది. ఇంతకన్నా రాయను.

ఈ ఏడు నీళ్లలో దిగకు. సారును ఇంకెవరైనా తీసుకెళ్తారు.

అక్క

◆

లింగంపల్లి,
ఆగస్టు 28.

అక్కా,

ఇంకెవరూ రాలేదు. ఎవరొస్తారు?

నిన్న వినాయక చవితి. రాత్రంతా వాన. పొద్దున ఆరున్నరకు నేను నాలా దగ్గర నిలబడి ఐదు నిమిషాలు నీ ఉత్తరమే గుర్తు చేసుకున్నాను. తిరిగి పోదామనుకున్నాను. అవతల గేటు దగ్గర సారు గొడుగు కింద నిలబడి నాకు చేయి ఊపాడు. సోమవారం వానకు పోలేక డయాలసిస్ నాగా పడింది. కాళ్లు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. ఆగకుండా అవతలికి పోయాను అక్కా! దేవుడు దయ చూశాడనుకున్నాను. వాళ్లిద్దరినీ ఎక్కించుకుని వస్తుంటే, నడిమధ్యలో ఆగింది.

నలభై నిమిషాలు. నీళ్లు కాళ్ల దగ్గరికి వచ్చాయి. జయంతమ్మ లోపల గొణుక్కుంటూ ఏదో చదువుతోంది. సారు ఊపిరి ఈల వేసినట్టు వస్తోంది. అప్పుడు కూడా ఆయన, "స్వామీ, వినాయకుడికి ఇంకా పది రోజులు గడువుందయ్యా. మన నిమజ్జనం ఇవాళే పెట్టావేమిటి?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. జయంతమ్మ నా భుజం పట్టుకుని, "బాబూ, ఆయన నవ్విస్తున్నారంటే భయపడుతున్నారని అర్థం. ఏదో ఒకటి చెయ్యి" అంది.

కాలనీ వాచ్‌మన్ ఎల్లయ్య ప్లాస్టిక్ కుర్చీ నెత్తిన పెట్టుకుని నడుము లోతు నీళ్లలో వచ్చాడు. సారును దాంట్లో కూర్చోబెట్టి ఇద్దరం మోసుకొచ్చాం. ఆటోలో సెంటరుకు పోయేసరికి ఆయన వంతు వేరేవాళ్లకు ఇచ్చేశారు. ఆక్సిజన్ పెట్టి కూర్చోబెట్టారు. మధ్యాహ్నం రెండింటికి కుర్చీ దొరికింది. అక్కడి డాక్టరమ్మ నన్ను చూసి, "మీరేనా డ్రైవర్? ఇంకో రెండు గంటలైతే ఊపిరితిత్తుల నిండా నీళ్లే. నాకు అప్పగించడానికి మనిషి ఉండేవాడు కాదు" అంది.

నాలాలో నీళ్లు కాదక్కా, ఆయన లోపలే నీళ్లు. రెండు మూడు రోజులకోసారి తీసేయకపోతే ఆయన మునిగిపోతాడు. రోడ్డు మీదే, పొడి చోటే. అది నాకు నిన్న అర్థమైంది.

అశ్విని వచ్చి తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అదే కష్టమనిపించింది. నా పక్కన కూర్చుని, "అన్నా, మా ఆఫీసులో ఏదైనా ఉన్నట్టుండి పనిచేయకపోతే మేము చెడింది ఏమిటని అడగం. మారింది ఏమిటని అడుగుతాం. పోయినేడు నడిచింది. ఈ ఏడు ఆగుతోంది. మధ్యలో ఈ బండికి ఏం మారింది?" అంది.

కాగితం తీసుకుని రాశాను. బ్యాటరీ మారింది, వెనక టైర్లు మారాయి, హారన్ మారింది. అవి నీళ్లలో ఆపేవి కావు. మోషే మార్చినవన్నీ ఆగడం మొదలయ్యాక మార్చినవే. ఇంకేముంది? తల పగిలిపోతోంది. రేపటికి ఒక ట్రాక్టరు దొరికింది. సోమవారానికి అదీ లేదు.

నువ్వు కూడా ఆలోచించు అక్కా. ఈ బండిని నాకంటే ఎక్కువ కనిపెట్టి చూసేది నువ్వే. ఉగాది నుంచి దీనికి కొత్తగా ఏం వచ్చింది?

స్వామి

◆

ధర్మపురి,
భాద్రపద శుద్ధ ఏకాదశి.

స్వామీ,

ముడుపు విప్పు.

కొత్తగా వచ్చింది అదే. ఇంకేదీ కాదు. నీ ఉత్తరం గుడి మెట్ల మీద చదివాను. లేచి లోపలికి వెళ్లలేకపోయాను.

కట్టినవాళ్లే విప్పాలన్నమాట నిజం. దీక్షలో ఉన్న నేను ఈ ఊరు దాటి రాకూడదు, కార్తీకం దాకా సారు ఆగలేడు. అందుకని నా చేయి నీకు ఇస్తున్నాను. స్నానం చేసి, తూర్పు ముఖంగా నిలబడి, ఎడమ నుంచి కుడికి విప్పు. గుడ్డ చింపకు. లోపల రూపాయి బిళ్ల, అక్షతలు ఉంటాయి. ఒక కాగితం కూడా ఉంటుంది. అది చదవకు.

నరసింహస్వామికి నేను ఇక్కడ చెప్పుకున్నాను. ఆయన సంగతి నేను చూసుకుంటాను.

రామ్మోహనరావు సారుకు నా తరఫున క్షమాపణ చెప్పు. ఎందుకని అడిగితే, అక్క చెప్పమంది అను.

ఆలస్యం చేయకు.

అక్క

◆

లింగంపల్లి,
సెప్టెంబరు 8.

అక్కా!

నువ్వు మామూలు మనిషివి కాదు.

విను. నీ ఉత్తరం రాకముందే, మంగళవారం, అశ్విని సెలవు పెట్టి మోషే షెడ్డుకు వచ్చింది. మిట్టమధ్యాహ్నం షట్టరు దించి, లైట్లు ఆర్పి, ఇంజను స్టార్టు చేయించింది. ఇస్త్రీ బట్టల మీద నీళ్లు చల్లే సీసా తెచ్చింది. గుంటకు పోయి మునగడం ఎందుకు, నీళ్లనే ఇక్కడికి తెద్దాం అంది. ఒక్కో చోట చల్లుతూ, ఆగి, లెక్కపెడుతూ చూస్తోంది. గాలి గొట్టం మీద చల్లింది, ఏమీ కాలేదు. ప్లగ్గుల మీద చల్లింది, ఏమీ కాలేదు. నీ ముడుపు దగ్గరికి వచ్చి ఆగింది. "ఇదేంటన్నా?" అంది. "అది దేవుడిది" అన్నాను. "దేవుడిది సరే, గుడ్డే కదా" అని చల్లింది.

అక్కా, ఆ చీకట్లో నీలం మంట! గుడ్డ మీదుగా సన్నగా, పాములా పాకి, ఇంజను ఇనుములోకి దూకింది. చిటచిటమని చప్పుడు. ఇంజను తుమ్మింది. ఆగింది.

అసలు సంగతి ఇది. ఫ్యాను చిమ్మిన నీళ్లను గుడ్డ తాగేస్తోంది. తాగి, ఆ తీగల మెడకు, మూతకు తడిగా అతుక్కుని ఉంటోంది. ప్లగ్గులకు పోవాల్సిన కరెంటు ఆ తడి దారిన ఇనుములోకి పోతోంది. ఇరవై నిమిషాల్లో ఇంజను వేడికి గుడ్డ ఆరితే మళ్లీ లేస్తోంది. వానలో బానెట్ కింద తడవదు కనుక ఆగదు. తీగలు ఎన్ని మారిస్తే ఏం లాభం, కొత్త తీగలను కూడా మేమే తీసుకెళ్లి ఆ గుడ్డలోంచే దూర్చాం!

షట్టరు ఎత్తాక ముగ్గురం దాని చుట్టూ నిలబడ్డాం. అశ్విని "విప్పండి" అంది. మోషే నన్ను చూశాడు. నేను మోషేను చూశాను. "మీరిద్దరూ మగవాళ్లేనా?" అంది. "మగతనం గాదమ్మా, అక్క కట్టింది" అన్నాడు మోషే. తను విప్పబోయి తనే చేయి వెనక్కి తీసుకుంది. ఆ శుక్రవారం దాకా ట్రాక్టరాయన కాళ్లు పట్టుకుని సారును దాటించాను.

శనివారం నీ ఉత్తరం వచ్చింది. మొదటి మాటే "ముడుపు విప్పు" అని! మోషేకు చూపిస్తే కుర్చీలో కూలబడ్డాడు. "అన్నా, అక్కకు అక్కడ గోదావరిల కరెంటు కనిపించిందా ఏంది?" అన్నాడు. షెడ్డుకు వచ్చిన ప్రతివాడికీ చెబుతున్నాడు.

నువ్వు చెప్పినట్టే స్నానం చేసి, తూర్పుకు నిలబడి విప్పాను. ఇవాళ నాలా దాటాం. నీళ్లు సగం చక్రం పైనే. నడిమధ్యలో కూడా ఇంజను పాడుకుంటూ పోయింది. ఏడుకు పది నిమిషాల ముందే సారు కుర్చీలో ఉన్నాడు. నీ క్షమాపణ చెప్పాను. "మీ అక్కగారు నాకేం చేశారయ్యా?" అన్నాడు. నాకూ తెలియదన్నాను.

బిళ్ల, అక్షతలు ఈ కవరులో పెడుతున్నాను. గుడ్డ ఉతికి పెడుతున్నాను. కాగితం మాత్రం తడిసి తడిసి పిండయింది. ఒక్క అక్షరం కూడా కనిపించలేదు. తులసి కుండీలో వేశాను.

స్వామి

◆

ధర్మపురి,
భాద్రపద బహుళ షష్ఠి.

స్వామీ,

కవరు అందింది. గుడ్డ ఎంత ఉతికినా పసుపు పోలేదు.

మోషేకు చెప్పు, నాకు తీగలు తెలియవు. కరెంటు తెలియదు. నేను ఏదీ కనిపెట్టలేదు. నాకు తెలిసింది వేరు.

అక్షరాలు చెరిగిపోయాయని రాశావు. చెరిగాయి కదా, ఇక ఊరుకుందాం అనుకున్నాను. మూడు రోజులు ఊరుకున్నాను. సంధ్య వేళ దీపం పెడుతుంటే వత్తి మూడు సార్లు ఆరింది. గాలికే ఆరి ఉంటుంది. అయినా రాస్తున్నాను.

ఆ కాగితంలో నీ క్షేమం అని రాయలేదు. "నరసింహస్వామీ, ఈ బండి నీళ్లలో దిగితే ఆగిపోవాలి. నా తమ్ముడు అవతలికి పోకూడదు" అని రాశాను. ఇంజను గుండె ఏదని నిన్ను అడిగింది అందుకే. సరిగ్గా అక్కడ కట్టాలని.

రాసింది రాసినట్టు జరిగింది. నీ మొదటి ఉత్తరం రాగానే కొబ్బరికాయ కొట్టాను. రెండోదానికీ కొట్టాను. నువ్వు అక్కడ ప్లగ్గులు, మూతలు మారుస్తూ తిండి మానేస్తుంటే నేను ఇక్కడ ప్రసాదం పంచాను. నీకు తెలియనివ్వలేదు. చవితి ఉత్తరం వచ్చాక ఇంకో కాయ కొట్టలేదు.

నేను దేవుడిని అడిగినప్పుడు బండిలో నువ్వొక్కడివే కనిపించావు స్వామీ. వెనక సీటు కనిపించలేదు. అక్కడ సారు ఉంటాడని, జయంతమ్మ ఉంటుందని, నాకు తట్టనే లేదు. ముప్పై ఏళ్లుగా పూజ చేస్తున్నాను. అడగడం రాలేదు.

దేవుడు చేశాడో, గుడ్డ చేసిందో నాకు తెలియదు. అడిగింది మాత్రం నేనే.

సారుకు ఇది చెప్పు. దాచకు. నీకు కోపం వస్తే జవాబు రాయకు. కార్తీకం దాకా ఎలాగూ ఇక్కడే ఉంటాను.

అక్క

◆

లింగంపల్లి,
సెప్టెంబరు 22.

అక్కా,

ఈసారి నేను చిన్న ఉత్తరం రాస్తున్నా. పుస్తకం భాష నాతోని కాదు.

నువ్వు రాసింది ఆఫీసు బాల్‌పెన్నుతోని. ఆర్నెల్లు నానినా ఒక్క అక్షరం చెరగలే. విప్పిన రోజే చదివిన. కాగితం తులసి కుండీల లేదు, నా పర్సుల ఉంది. చదవొద్దన్నవు గదా, చదవనట్టే ఉందామనుకున్న. నువ్వు చెప్పకపోతే నేను ఎన్నడూ చెప్పేటోన్ని గాదు.

చదివినప్పుడు కోపం వచ్చింది. రెండు దినాలు ఆ కాగితం మడత పెట్టుడు, మళ్ల తీసి చదువుడు. మూడో దినం సారును తీసుకపోయేటప్పుడు నాలా నడుమ బండి నడుస్తనే ఉంది, నాకు నువ్వు గ్లాసు పట్టుకుని నిలబడ్డది యాదికొచ్చింది. పోయినేడు నేను నవ్వుకుంట అన్నం తిన్నగని, చేతులు వణికినయ్ అక్కా. నీకు కనబడొద్దని ప్లేటు ఒళ్లె పెట్టుకున్న. ఇద్దరం దాచినం.

సారుకు నీ ఉత్తరం చదివి వినిపించిన. జయంతమ్మ కండ్లు తుడుచుకుంది. సారు ఉత్తరం తీసుకుని ఇంకోసారి చదువుకున్నడు. తర్వాత, "మీ అక్కగారి మొక్కు అంత చప్పున మంజూరైందంటే మాటలా! నా పెన్షన్ అర్జీ రెండేళ్ల నుంచి కదలడం లేదు, అది కూడా ఆవిడ చేతే రాయించవయ్యా" అన్నడు. ఆయన నవ్విస్తే భయపడ్డట్టు అని జయంతమ్మ చెప్పింది గదా. ఈసారి అట్ల గాదంట, నేను అడిగిన.

గుడ్డ నీ కాడనే ఉంది గదా. పారెయ్యకు. కార్తీకంల వచ్చి నువ్వే కట్టు. ఈసారి గుండె కాడ వద్దు. లోపట అద్దానికి కడదాం, నీళ్లు అందవు, నాకు ఎదురుంగ కనబడుతది. మోషే కొక్కెం గూడ పెట్టి ఉంచిండు. "అక్క వచ్చేదాక దాన్ని ఎవ్వలు ముట్టొద్దు" అని బోర్డు ఒక్కటే తక్కువ.

చీటీ గూడ రాయి. దిగొద్దు అని రాయకు. దిగినంక గట్టెక్కాలె అని రాయి. ఎవరు అని రాసే కాడ నా పేరు ఒక్కటే పెట్టకు. బండిల ఆ రోజు ఎంతమంది ఉంటే అంతమంది అని రాయి.

నీ తమ్ముడు,
స్వామి